పదహారు పండుగ తెల్లారి: బిడ్డ లగ్గానికి ఎన్ని పైసలు, ఏ పైసలు

మా తమ్ముడి బిడ్డ లగ్గం ఫాల్గుణంలో. పరకాల దగ్గర ఊరు. ఆరెకరాలు, నాలుగింట్లో పత్తి, రెండింట్లో మిర్చి. పిల్ల హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. దసరాకు పోయినప్పుడు తమ్ముడు ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. మొదటి పేజీలో ఫంక్షన్ హాలు, రెండో పేజీలో బంగారం, మూడో పేజీలో బట్టలు. పైసలు ఎక్కడి నుంచి వస్తాయో ఏ పేజీలోనూ లేదు. అడిగితే, "అది చూసుకుందాం తియ్యి అక్కా" అన్నాడు.

2018లో మా బిడ్డ లగ్గానికి మేమూ అదే మాట అనుకున్నాం. నేను సర్కారు బడి టీచర్ని, మా ఆయనది చిన్న వ్యాపారం. ఇంటి లోను అప్పటికే జీతంలో కట్ అవుతోంది కాబట్టి బ్యాంకు ఇంకో లోను ఇవ్వనంది. తెలిసినాయన దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తికి నాలుగు లక్షలు తెచ్చాం. నెలకు ఎనిమిది వేలు. మూడేళ్లు కట్టాం, 2,88,000 పోయాయి. అసలు మాత్రం నాలుగు లక్షలు నాలుగు లక్షలుగానే కూర్చుంది. ఆఖరికి నా జీపీఎఫ్ (సర్కారు ఉద్యోగుల పొదుపు నిధి) లోంచి తీసి తీర్చాం. ఆ జీపీఎఫ్ లగ్గం నాడు కూడా అక్కడే ఉంది. ముసలితనానికి దాచుకున్నది, ముట్టొద్దు అనుకున్నాం. ముట్టక తప్పలేదు, మధ్యలో మిత్తి దండుగ. 2022లో కొడుకు లగ్గానికి ఆ పొరపాటు చేయలేదు. వేరేవి చేశాం, అవీ చెప్తాను.

కాబట్టి ఎవరడిగినా ఇప్పుడు నేను ఒకే కొలత చెప్తున్నాను. పదహారు రోజుల పండుగ అయిపోయి, బిడ్డ అత్తగారింటికి, చుట్టాలు ఎవరిళ్లకు వాళ్లు పోయాక, ఆ తెల్లారి నుంచి నెలనెలా మీ ఇంట్లోంచి ఎంత బయటికి పోతుంది, ఎన్నేళ్లు పోతుంది? హాలా ఇల్లా, మిత్తా లోనా, కొత్త బంగారమా పాతదా, దేన్ని పక్కపక్కన పెట్టి చూసినా ఈ ప్రశ్నతోనే చూడండి.

మొదలు తలకాయలు లెక్కపెట్టండి

హాలు అద్దె మీద మూడు రోజులు బేరమాడి, వెయ్యి మందికి కార్డులు పంచేవాళ్లను చూశాను. ఖర్చును నడిపేది కార్డులే. ప్లేటు 450 అనుకోండి. ఐదు వందల మందికి 2,25,000. పన్నెండు వందల మందికి 5,40,000. నడుమ తేడా 3,15,000. ఏ హాలు వాడూ అంత తగ్గించడు.

మాంసం పెట్టే ఇళ్లలో ఇంకా తొందరగా తెలుస్తుంది. మా కొడుకు లగ్గానికి వండిన మాస్టర్ కిలో మటన్ ఆరేడుగురికి లెక్కేశాడు. అంటే ఐదు వందల మందికి 75 కిలోలు. కిలో 900 అనుకున్నా 67,500. బగారా అన్నం, కూరలు, స్వీటు, గ్యాసు, వంటవాళ్ల కూలి అన్నీ దాని పైనే. మంది రెట్టింపైతే ఇవన్నీ దాదాపు రెట్టింపవుతాయి. రెట్టింపు కానివి రెండే, అయ్యగారి దక్షిణ, పుస్తెమట్టెలు.

మరి ఎవర్ని పిలవాలి, ఎవర్ని వదలాలి? మా ఇంట్లో దీనికి పనికొచ్చింది పాత కట్నాల పుస్తకం. మా లగ్గంలో, మా మరిది లగ్గంలో, ఇల్లు పట్టుకున్నప్పుడు ఎవరెవరు 116 రాయించారు, ఎవరు 516, ఎవరు 1,116, అంతా అందులో ఉంది. (బిడ్డల లగ్గానికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి కూడా లక్షా నూట పదహారే. సర్కారు కూడా కట్నం రాయించినట్టే రాయించింది.) ఆ పుస్తకంలో ఉన్నవాళ్లను పిలవాలి, వాళ్ల పిల్లల లగ్గాలకు మనం పోవాలి. అందులో లేకుండా, గత ఐదేళ్లలో ఒక్క ఫోన్ కూడా చేయని వాళ్ల పేర్లు పక్కన పెట్టండి. తమ్ముడి జాబితా 900 నుంచి 450కి వచ్చింది. కొట్టేసిన పేర్లలో సగం మంది మండలం నాయకులు, వాళ్ల వెంట వచ్చేవాళ్లు.

ఒక జాగ్రత్త. కట్నాలుగా వచ్చే పైసల్ని ఆదాయంలో రాసుకోవద్దు. అది మిత్తి లేని అప్పు. ఇరవై ఏళ్లలో ఒక్కొక్కరికీ కొంత కలిపి తిరిగి పెట్టాల్సిందే. లగ్గం మర్నాడు ఆ మూటతో టెంటు వాళ్ల బాకీ తీరుద్దాం అనుకున్నవాళ్లు, మూట విప్పి చూసుకుని నీరుగారిపోయిన సందర్భాలు నాకు తెలుసు.

హాలా, ఇంటి ముంగట పందిరా, గుడా

ఇంటి దగ్గర చేస్తే చౌక అని మన దగ్గర ఒక నమ్మకం. కొడుకు లగ్గం అప్పుడు మేమూ నమ్మాం. అత్తగారి ఊళ్లో పెద్దిల్లు ఉంది, హాలు అద్దె మిగులుతుందన్నాం. మిగిలింది. కానీ ఇంటికి రంగులేయాలి, వాకిలి చదును చేయాలి, రెండు బాత్రూములు బాగు చేయించాలి. చుట్టాలు మైలపోలు ముందు రోజే దిగారు, లగ్గమైన రెండో రోజు దాకా ఉన్నారు. నాలుగు రోజులు, పూటకు ఎనభై తొంభై మంది. ఐరేని కుండలు, అంటే లగ్గం కుండలు, తేవడానికి పోయే ఊరేగింపుకు డప్పులు వేరే, బరాత్‌కు బ్యాండు వేరే. ఊళ్లో ఒకర్ని పిలిచి పక్కింటి వాళ్లను వదలలేం, ఇంటికి ఒకరన్నా ఊరంతా వస్తుంది. అన్నీ కలిపి చూస్తే హాలుకంటే ముప్పై వేలో నలభై వేలో మిగిలింది, అంతే. అయితే రెండు లాభాలు ఒప్పుకోవాలి. బియ్యం ఇంటివి. చుట్టాలు ఒక చోట నాలుగు రోజులున్న సంబురం ఏ హాల్లోనూ దొరకదు. దానికి ధర కట్టను.

హాల్లో ఖర్చు ఒక్క రోజుతో తెగుతుంది, అది దాని బలం. కాకపోతే అడ్వాన్సు ఇచ్చేముందు అడగాల్సినవి ఉన్నాయి. అద్దె ఎన్ని గంటలకు? కరెంటు మీటరు లెక్కనా, అద్దెలో కలిసిందా? జనరేటర్ డీజిల్ ఎవరిది? క్లీనింగ్ చార్జి ఎంత? డెకరేషన్, క్యాటరింగ్ వాళ్ల మనుషులకే ఇవ్వాలా, బయటి వాళ్లను తెచ్చుకోవచ్చా? బిల్లు తీసుకుంటే అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, చెప్పిన రేటులో అది కలిసిందా? డేటు మారిస్తే అడ్వాన్సు తిరిగొస్తుందా? ఈ చివరి ప్రశ్న అడగకపోవడం వల్ల మా బిడ్డ లగ్గంలో ఒక హాలు దగ్గర 20 వేలు వదులుకున్నాం. వాళ్లది తప్పనలేను, రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో రాసే ఉంది.

రోజును బట్టి కూడా రేటు మారుతుంది. 2025 నవంబరు చివర్లో మొదలైన శుక్ర మూఢం 2026 ఫిబ్రవరి నడిమి దాకా ఉండటంతో మాఘం లగ్గాలు లేకుండా పోయాయి, అందరూ ఫాల్గుణం మీదే పడ్డారు. ఇలాంటప్పుడు అయ్యగారిని రెండో, మూడో ముహూర్తం కూడా అడిగి రాయించుకోండి. ఆదివారం కలిసొచ్చిన పెద్ద ముహూర్తానికీ బుధవారం ముహూర్తానికీ హాలు వాడు చెప్పే రేటే వేరు.

గుడిలో లగ్గం అన్నింటికంటే తక్కువ ఖర్చు. వేములవాడ, ధర్మపురి, కొండగట్టు, యాదగిరిగుట్ట, ఏదైనా సరే, దగ్గరి వాళ్లు నూరు మందితో పొద్దున లగ్గం అయిపోతుంది. చిక్కల్లా మాంసం లేని లగ్గాన్ని మన చుట్టాలు లగ్గంగా లెక్కపెట్టరు. తర్వాత ఊళ్లో దావత్ ఇవ్వాల్సి వస్తుంది. ఆ దావత్‌ను మూడు వందల లోపు ఆపగలిగితే గుడి లాభం. ఆపలేకపోతే రెండు లగ్గాలు చేసినట్టు. ఎక్కడ చేసినా సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి, వీసాలకు తిరిగే పిల్లలకు ఆ కాగితం ఎట్లాగూ కావాలి. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకునే పిల్లలైతే 30 రోజుల నోటీసు ఉంటుందని గుర్తు పెట్టుకోండి.

ఏ పైసలు

ఇక్కడ కొంచెం నిలబడదాం. పది లక్షలు తక్కువ పడ్డాయనుకోండి. రెండు దారులు పక్కపక్కన పెడతాను.

నూటికి రెండు రూపాయల మిత్తి. రెండు రూపాయలే కదా అనిపిస్తుంది, ఏడాదికి 24 శాతం. పది లక్షలకు నెలకు 20,000. ఐదేళ్లు కడితే 12 లక్షలు పోతాయి, అసలు పది లక్షలు అట్లే ఉంటుంది.

బ్యాంకు పర్సనల్ లోను, 12 శాతానికి ఐదేళ్లు. నెలకు 22,244. ఐదేళ్లలో మిత్తి 3,35,000 దాకా. ఆ తర్వాత బాకీ సున్నా.

నెలకు తేడా 2,244 రూపాయలు. ఐదేళ్ల తర్వాత ఒకరు గడప దాటి బయటపడ్డారు, ఇంకొకరు లోపలే ఉన్నారు. 14, 15 శాతం పడ్డా లెక్క ఇటువైపే మొగ్గుతుంది. మిత్తి వ్యాపారిని ఎందుకు ఆశ్రయిస్తామంటే, అతను కాగితాలు అడగడు, సాయంత్రానికే ఇస్తాడు, అసలు కట్టమని నెలనెలా వేధించడు. ఆ వేధించకపోవడమే అతని వ్యాపారం.

రైతు ఇళ్లలో మిత్తి ఇంకో రూపంలో వస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి (పంట అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి) దగ్గర లగ్గానికి తెచ్చుకుంటాం, పంట రాగానే కట్ చేసుకుంటాడు. అతను చెప్పే మిత్తి తక్కువే ఉండొచ్చు. కానీ పత్తి అతనికే వేయాలి. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐకి వేయాలంటే తేమ 12 శాతం దాటొద్దు, ఎనిమిది దాటితే కోత, పైసలు బ్యాంకులో పడేదాకా ఆగాలి. అప్పు ఉన్నవాడికి ఆగే వీలుండదు. క్వింటాలుకు 500 తక్కువకు వేశాడనుకోండి, 32 క్వింటాళ్లకు 16,000. అది కూడా మిత్తే, రసీదు లేని మిత్తి. అడ్తి దగ్గర తెచ్చుకునేవాళ్లు ఇది కలిపి లెక్క చూసుకోవాలి.

బంగారం మీద లోను తక్కువ కాలానికి నాకు నచ్చిన దారి. మిత్తి సాధారణంగా పర్సనల్ లోను కంటే తక్కువ, జీతం స్లిప్పు అడగరు, రెండు గంటల్లో పని అయిపోతుంది. 2026 మార్చి దాకా బంగారం విలువలో 75 శాతం దాకా ఇచ్చేవారు. 2026 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నియమాల్లో రెండున్నర లక్షల లోపు లోన్లకు ఇది 85 శాతం దాకా. కానీ ఇది ఎప్పుడు మంచిదంటే, తీర్చే పైసలు ఎప్పుడు, ఎక్కడి నుంచి వస్తాయో పేరు పెట్టి చెప్పగలిగినప్పుడు. "మార్చి, ఏప్రిల్‌లో మిర్చి అమ్మితే" అనేది సమాధానం. "చూద్దాం" అనేది సమాధానం కాదు. ఏడాదికేడాది మిత్తి మాత్రమే కట్టి తిరగరాయించుకుంటూ పోయే బంగారం, ఒక రోజు వేలం నోటీసుగా ఇంటికొస్తుంది. ఎక్కువ ఇస్తారన్నారని పూర్తిగా తెచ్చుకోవద్దు కూడా. ధర పడితే మొదలు తగిలేది అంచు దాకా తెచ్చుకున్నవాళ్లకే.

ఎఫ్‌డీ ఉన్నవాళ్లు దాన్ని పగలగొట్టే ముందు, దాని మీదే లోను ఎంతకు ఇస్తారో అడగండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం పైన ఇస్తారు. నాలుగైదు నెలల్లో తీర్చే వీలుంటే పగలగొట్టడం కంటే ఇదే నయం.

చిట్టీ గురించి వరంగల్ వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది తక్కువ. లెక్క మాత్రం చూద్దాం. పది లక్షల చిట్టీ, నలభై మంది, నెలకు 25,000. మీకు తొందర ఉంది, మూడు లక్షలు తగ్గించి పాట పాడారు. చేతికి ఏడు లక్షలు. కంపెనీ కమీషన్ ఐదు శాతం అనుకుంటే 50,000 (చట్టం 2019 సవరణతో ఏడు శాతం దాకా తీసుకోనిస్తుంది), మిగిలిన రెండున్నర లక్షలు నలభై మందికీ 6,250 చొప్పున పంపకం. అంటే చిట్టీ మొదట్లో ఎత్తితే అది ఖరీదైన అప్పు, చివర్లో ఎత్తితే పొదుపు. లగ్గం రెండు మూడేళ్ల దూరంలో ఉన్నప్పుడు మొదలుపెడితేనే నేను చిట్టీకి ఓటేస్తాను. లగ్గం పెట్టుకున్నాక ఎక్కిన చిట్టీ లాభం లేదు.

ఇంకోటి. పాట మీదే అయినంత మాత్రాన పైసలు చేతికి రావు. షూరిటీలు కావాలి, అదీ గవర్నమెంటు ఉద్యోగులవి. అక్కడే మా టీచర్ల గుండెలు గుభేలుమంటాయి. దగ్గరి చుట్టం బిడ్డ లగ్గానికి నేనొకసారి సంతకం పెట్టాను. ఏడాది కట్టి ఆపేశాడు. నోటీసు నా బడికి వచ్చింది, నా జీతంలోంచి కట్టాను. ఆ లగ్గంలో నేను రాయించిన కట్నం మాత్రం 1,116 అనే పుస్తకంలో ఉంది. ఇంటి పక్కన ఆడవాళ్లు నడిపే, రిజిస్టర్ లేని చిట్టీల సంగతి ఎత్తను. నడిచినంత కాలం బాగుంటాయి, మునిగినప్పుడు పోలీసుల ముందు చూపించడానికి ఒక్క కాగితమూ ఉండదు.

పీఎఫ్. ప్రైవేటు ఉద్యోగులకు ఈపీఎఫ్‌లో కొడుకు, బిడ్డ, తమ్ముడు, చెల్లెలి లగ్గానికి తమ వాటాలో సగం దాకా తీసుకునే వీలు ఉంటూ వచ్చింది, ఏడేళ్ల సర్వీసు నిబంధనతో. 2025 అక్టోబరులో ట్రస్టీల బోర్డు దాన్ని 12 నెలలకు తగ్గించాలని నిర్ణయించింది. 2004 తర్వాత చేరిన, సీపీఎస్ అనే కొత్త పెన్షన్ పద్ధతిలో ఉన్న సర్కారు ఉద్యోగులకు తమ సొంత చందాలో 25 శాతం దాకా పిల్లల లగ్గానికి తీసుకోవచ్చు. వీలుంది కదా అని మొత్తం ఊడ్చొద్దు. ఈపీఎఫ్ వడ్డీ 8.25 శాతం అనుకుంటే, ఈరోజు తీసిన ఐదు లక్షలు పదేళ్లకు 11 లక్షలయ్యేవి. అయినా మిత్తికి తేవడం, పీఎఫ్ తీయడం, ఈ రెంటిలో ఒకటే గతి అయితే పీఎఫే తీయండి. మా ఇంట్లో మూడేళ్లు ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే.

ఇక భూమి. ఊరి బయట ఖాళీగా పడున్న ప్లాటు, తినే పొలం, రెండూ ఒకటి కాదు. ప్లాటు అమ్మి మిత్తి లేకుండా లగ్గం చేసేవాళ్లను నేను తప్పుపట్టను. కాకపోతే లగ్గానికి ముందు నెలలో అమ్మకానికి పెట్టొద్దు. మీ ఇంట్లో లగ్గమని కొనేవాడికి తెలుసు, ధర అక్కడే పడిపోతుంది. ఏడాది ముందు అమ్మండి. లాభం మీద పన్ను కూడా లెక్కేసుకోండి. రెండేళ్లకు మించి మీ దగ్గరున్న ప్లాటు అయితే 12.5 శాతం, 2024 జులై 23కు ముందు కొన్నదైతే ధరల పెరుగుదల లెక్కగట్టి 20 శాతం పద్ధతిలో చూసినా సరే, ఏది తక్కువైతే అది. మునిసిపాలిటీలకు దూరంగా ఉన్న పల్లె సాగు భూమికి ఈ పన్ను లేదు. లేదు కదా అని అదే మొదలు అమ్ముతారు మనవాళ్లు. గుంట అమ్మితే ఆ గుంట మళ్లీ రాదు.

భూమి దగ్గరే ఇంకో మాట, ప్రతి ఇంట్లో వినబడేది. "నీ లగ్గానికి ఇంత ఖర్చు పెట్టాం, ఇంక నీకు వాటా ఏంది?" ఆ లెక్క చట్టంలో చెల్లదు. 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో బిడ్డకు కొడుకుతో సమాన హక్కు వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని మరింత తేటగా చెప్పింది. లగ్గం ఖర్చు వేరు, వాటా వేరు. లగ్గాన్ని వాటా కింద జమ కడదామని అప్పు చేసి మరీ ఆర్భాటంగా చేసే తండ్రులు రెండు వైపులా నష్టపోతారు.

కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్. 2014లో 51,000తో మొదలై 2018లో 1,00,116 అయింది. బిడ్డకు 18 నిండాలి, ఆదాయ పరిమితి ఉంది, మీసేవలో దరఖాస్తు, చెక్కు తల్లి పేరు మీద. వచ్చేది లగ్గమైన తర్వాతే, ఎప్పుడొస్తుందో తారీఖు చెప్పలేం. అందుకని లగ్గానికి ముందు పెట్టే లెక్కలో దాన్ని రాయొద్దు. వచ్చిన రోజు ఏ బాకీకి కట్టాలో మాత్రం ముందే రాసి పెట్టుకోండి.

బిడ్డ ఇంకా పదేళ్లు నిండని వాళ్లకు మాత్రం ఇవేవీ అక్కర్లేదు. పోస్టాఫీసుకు పోయి సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం ఉంది, 18 నిండాక లగ్గానికి ఖాతా మూసి మొత్తం తీసుకోవచ్చు. లగ్గానికి నెల ముందు నుంచి లగ్గమైన మూడు నెలల లోపు అడగాలి.

బంగారం, కట్నం

2018లో తులం ముప్పై వేల పైచిలుకు. 2025లో లక్ష దాటింది. "మన కాలంలో ఇరవై తులాలు పెట్టారు" అనే ముసలమ్మలకు ఈ రెండు అంకెలు చూపించండి.

షాపులో మూడు తులాల హారం కొన్నారనుకుందాం. 22 క్యారెట్ల తులం 1,20,000 లెక్కన 3,60,000. తరుగు, మజూరి కలిపి 12 శాతం అంటే 43,200. దాని మీద మూడు శాతం జీఎస్టీ 12,096. మొత్తం 4,15,296. గడప దాటిన క్షణంలో 55 వేల చిల్లర గాలికి పోయింది. రేపు అదే హారాన్ని లోనుకు పెడితే చూసేది 3,60,000 విలువే, 75 శాతం ఇస్తారనుకుంటే 2,70,000. బంగారం ఎక్కడికి పోతుంది, ఆస్తే కదా అనేవాళ్లు ఈ తేడా చూడరు. రాళ్లు పొదిగిన నగ అయితే రాళ్ల బరువు వేరే నష్టం.

అందుకని కొత్తది కొనేముందు బీరువాలో ఏముందో తూకం వేయించండి. తల్లి పాత గొలుసులు, నానమ్మ కాసులపేరు మార్పించి చేయిస్తే మజూరి మాత్రమే చేతి నుంచి పోతుంది. కొత్త నగ మీద హెచ్‌యూఐడీ అనే ఆరు అక్షరాల హాల్‌మార్కు నంబరు ఉందో లేదో చూసుకోండి, 2023 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. రెండు లక్షలు, ఆపై ఎవరి దగ్గరైనా నగదుగా తీసుకోవడం నిషేధం, జరిమానా తీసుకున్నవాడికి. అది షాపు అయినా, క్యాటరింగ్ వాడైనా ఒకటే. కాబట్టి "క్యాష్ ఇస్తే తగ్గిస్తా" అనే మాటకు లొంగి బిల్లు లేకుండా బయటికి రావొద్దు.

కట్నం అనే మాటకు మన భాషలో రెండు పనులు. చుట్టం రాయించే 516 కూడా కట్నమే, వియ్యంకుడు అడిగే కారూ కట్నమే. రెండోది ఇచ్చినా తీసుకున్నా 1961 చట్టం ప్రకారం నేరం, తక్కువలో తక్కువ ఐదేళ్ల శిక్ష. దాన్ని ఇంకో దారిగా ఈ పోలికలో నేను పెట్టను. అడగకుండా మీరు ఇష్టంగా బిడ్డకు పెట్టే నగలు, సామాన్లు ఉంటాయి కదా, వాటికి జాబితా రాసి రెండు వైపులా సంతకాలు పెట్టించమని 1985 రూల్సు చెప్తున్నాయి. కట్నాల పుస్తకం రాయడానికి మనిషిని కూర్చోబెడతాం, ఈ జాబితా మాత్రం ఎవరూ రాయరు. బిల్లులు బిడ్డ పేరు మీద తీసుకుని ఆమె దగ్గరే పెట్టండి.

సంపాదించే పిల్లల వాటా

పాతికేళ్లు దాటి జీతం తెచ్చుకునే పిల్లల లగ్గం మొత్తం తల్లిదండ్రులే చేయాలా? మా తరానికి అడగడం నామోషీ. మా కొడుకు లగ్గంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఊరికి కావాల్సినవి మేము, మీకు కావాల్సినవి మీరు. అన్నం, పందిరి, అయ్యగారు, పుస్తెమట్టెలు, చుట్టాలకు పెట్టే బట్టలు మావి. ఫొటోలు, ప్రీ వెడ్డింగ్ షూటు, సంగీత్, డ్రోను, స్టేజీ పూలు వాడివి. పద్ధతి చెప్పిన వారంలో డ్రోను రద్దయింది.

పిల్లలే లోను తీసుకుంటామంటే ఒక్కసారి ఆగండి. కొత్త కాపురం ఐదు లక్షల లోను నెత్తిన పెట్టుకుని మొదలైతే, 12 శాతానికి ఐదేళ్లు నెలకు 11,122. అది హైదరాబాద్‌లో ఇంటద్దె పక్కన కూర్చుంటుంది. ఆ లోను దేనికో చూడండి. రెండు గంటల స్టేజీకైతే వద్దనే చెప్తాను.

అబ్బాయి వాళ్లతో మాట్లాడటం కష్టం అనుకుంటాం కానీ, లగ్గం, రిసెప్షన్ ఒకే రోజు ఒకే హాల్లో పెట్టి ఖర్చు సగం సగం పంచుకున్న ఇళ్లు ఇప్పుడు హన్మకొండలో చాలానే కనబడుతున్నాయి. వరపూజ నాడు కాదు, అంతకంటే ముందు, సంబంధం కుదిరిన వారంలోనే అడగాలి. వరపూజ నాటికి అందరి ముందూ మాటలు అయిపోయి ఉంటాయి.

తమ్ముడి నోటుబుక్కులో ఇప్పుడు నాలుగో పేజీ ఉంది. చేతిలో ఉన్నవి మూడు లక్షలు. పత్తి మీద రెండు, అడ్తి దగ్గర ముందస్తు ఏమీ తీసుకోకుండా. పిల్ల తన పొదుపులోంచి రెండు. మరదలి గొలుసుల మీద బ్యాంకులో రెండు లక్షల లోను, మిర్చి అమ్మగానే తీర్చేది, ఏప్రిల్ దాటొద్దని పక్కన రాసుకున్నాడు. కొత్త బంగారం పుస్తెలు, ఒక జత గాజులు మాత్రమే, మిగతాది పాతది మార్పించడమే. ఇంటి ముంగటే పందిరి, 450 మంది, చుట్టాలకు రెండు రోజులే వసతి అని ముందే చెప్పేశారు. లెక్క తొమ్మిది లక్షల దగ్గర ఆగింది. పదహారు పండుగ తెల్లారి బాకీ అంటూ ఉంటే ఆ రెండు లక్షలే.

డీజే మాత్రం ఇంకా తేలలేదు. అది ఊరికి కావాల్సిందా, పిల్లలకు కావాల్సిందా అని రెండు వారాలుగా ఇంట్లో పంచాయితీ నడుస్తోంది.